జడకోపులో చిక్కు

రామసుబ్బమ్మ కోలాటంలో చేరినప్పుడు కోడుమూరులో నవ్వనివాళ్లు తక్కువ. మొగుడు పోయి ఏడాది తిరిగింది, ఏటిసూతకం వదిలింది, ఇంక ఆ మనిషి ఒక మూలన కూర్చుని వత్తులు చేసుకుంటుందని అందరూ లెక్క వేసుకున్నారు. ఆమె మాత్రం సూతకం వదిలిన వారానికే ఆంజనేయస్వామి గుడి ముందు కోలాటం నేర్పే ఈరన్న దగ్గరికి పోయి, "నాకూ రెండు కోలలు ఇయ్యప్పా. మోకాళ్లు అరిగినాయి గానీ చేతులు ఇంగా కొత్తగానే ఉండాయి" అంది. అప్పటికే ఆమెకు అరవై అయిదు దాటాయి. బృందంలో ఆడవాళ్లందరికీ రవికెలు కుట్టేది పక్కింటి దౌలత్ బీ. ఆమె టేపు పట్టుకుని రామసుబ్బమ్మ భుజాలు కొలుస్తూ, "అక్కా, ఈ వయసులో నీకు బుట్టచేతుల రవికా?" అని ఆటపట్టిస్తే, "పెట్టు తల్లీ. పోయినాక ఎట్లా తెల్లగుడ్డే కదా కప్పేది" అని జవాబిచ్చింది.

ఆమె తీరే అంత. కొత్తది ఏది కనబడినా చెయ్యి పెట్టి చూడందే ఊరుకోదు. ఊళ్లోకి బ్యాటరీ ఆటో వచ్చిన రోజు డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుని, ఏది నొక్కితే ఏమవుతుందో అడిగి అడిగి వాడి ప్రాణం తీసింది. మనవరాలి ఫోనులో తన ముఖానికి కుక్కచెవులు తగిలించుకుని ఫొటో దిగి దౌలత్ బీకి పంపింది. ముసలితనం అందరికీ వస్తుంది, దాన్ని ఇంట్లోకి పిలిచి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టే మనిషి మాత్రం ఆ వీధిలో ఆమె ఒక్కతే.

కోలాటంలో అన్నిటికన్నా కష్టమైనది జడకోపు. పందిరి నడుమ పైన ఒక కొక్కెం, దానికి రంగురంగుల తాళ్లు. ఒక్కొక్కరు ఎడమచేత్తో ఒక తాడు, కుడిచేత్తో ఒక కోల పట్టుకుని గుండ్రంగా నిలబడతారు. సగంమంది కుడివైపు, సగంమంది ఎడమవైపు తిరుగుతారు. ఎదురొచ్చిన ఒకరిని లోపలినుంచి దాటాలి, తర్వాతి మనిషిని బయటినుంచి దాటాలి. అట్లా తిరిగేకొద్దీ తాళ్లన్నీ పైనుంచి జడలాగా అల్లుకుంటూ వస్తాయి. అల్లడం అయ్యాక అందరూ వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పోతే జడ విడిపోతుంది. నడుమ ఏ ఒక్కరు ఒక్క అడుగు తప్పినా ముడి పడి కూర్చుంటుంది, ఎవరు ఎంత తిరిగినా రాదు. అందుకే ఈరన్న ఒక కట్టుబాటు పెట్టాడు. జడలో చిక్కు వేసిన మనిషి తాడు వదలాలి, ఆ తర్వాత తాళాలు పట్టుకుని పక్కన నిలబడాలి. ఆ మాట మీద ఇద్దరు ముగ్గురిని నిజంగానే పక్కకు పంపాడు కూడా. రామసుబ్బమ్మ తాడులో ఒక్కసారి కూడా చిక్కు పడలేదు.

పోయిన ఎండాకాలం నుంచి ఆమెకు మరపు మొదలైంది. చారులో ఉప్పు రెండుసార్లు పడేది. సంతకు పోయి, ఎందుకొచ్చానా అని నిలబడిపోయేది. ఒక రోజు ఇంటికి వచ్చే సందు తెలియక, పుట్టి పెరిగిన ఊళ్లోనే, ముక్కూ ముఖం తెలియని కుర్రవాణ్ణి దారి అడిగింది. కోడలు తనూజ ఇంక ఆగలేక కర్నూలుకు తీసుకుపోయింది. డాక్టరు తల ఫొటో తీయించి, మెదడు కుంచించుకుపోతోందనీ, మాత్రలతో కొంత నిదానం చేయవచ్చు గానీ పోయింది తిరిగి రాదనీ మెల్లగా చెప్పాడు.

"ఆ ఫొటో నాకూ చూపించు నాయనా. నా తలకాయ లోపల నేనెన్నడూ చూడల్యా" అంది రామసుబ్బమ్మ.

డాక్టరు తెర ఆమె వైపు తిప్పాడు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"వానల్లేని ఏట శెనక్కాయ మాదిరుండాది సారూ. పైన డొల్ల బాగనే ఉంటాది, లోపల గింజ నొక్కుకపోయింటాది. తలకాయ ఊపితే గలగలమంటాదా?"

డాక్టరు నవ్వబోయి తలవంచుకున్నాడు. తనూజ ముఖం తిప్పుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆమె కోడలి చెయ్యి పట్టుకుంది. "తనూజా, ఈ సంగతి ఈరన్న దాకా పోనియ్యొద్దు. శ్రావణం చివరి శనివారం గుడి ముందర జడకోపు ఉండాది. ఆ ఒక్కసారి అల్లి విప్పినానంటే సాలు. ఆ పొద్దు నేనే తాడు తీసుకపోయి ఈరన్న చేతికిస్తా. వాళ్లు తీసేయకముందే నేను ఇచ్చేయాల."

"నడుమన మరిచిపోతే ఎట్లత్తా?"

"మరిచిపోతే నాకేం తెలుస్తాది. బాధపడేది మీరు."

తనూజకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రామసుబ్బమ్మ మళ్లీ కిటికీ వైపు తిరిగింది. బయట విత్తనం పడని చేలు ఎర్రగా ఎండిపోయి ఉన్నాయి. చావంటే ఆమెకు పెద్ద భయం లేదు, మొగుడు పోయిన రోజు దాన్ని దగ్గరగానే చూసింది. తాను ఉండగానే తాను లేకుండా పోవడం, అదే ఆమెకు ఒళ్లు జలదరించేట్లు చేసింది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంట్లో ఇంకొకరు కూడా భయపడతారు, అంతకుమించి లాభం ఏముంది.

ఆ రెండు నెలలూ ఆమె రోజూ పెరట్లో నీళ్ల డ్రమ్ము చుట్టూ తిరుగుతూ "లోపల, బయట, లోపల, బయట" అని గొణుక్కుంటూ సాధన చేసింది. అభ్యాసంలో ఎక్కడా తప్పలేదు. ఆమె వెనకే తిరిగే పిల్ల శివజ్యోతి. పెళ్లై వచ్చి నాలుగేళ్లయినా, అత్త గడప దాటనివ్వని కోడలు. కోలాటం దేవుని పని కాబట్టి దానికి మాత్రం సాయంత్రంపూట బయటికి వదిలేవాళ్లు. ఆ గంటసేపూ ఆ పిల్ల ముఖం, నీళ్లు పెట్టిన చెట్టు మాదిరి తేరుకునేది. రామసుబ్బమ్మ వేసే జోకులకు అందరికన్నా పెద్దగా నవ్వేది అదే.

శనివారం రానే వచ్చింది. గుడి ముందు పందిరి, మైకు, ట్యూబులైట్లు, ఊరు ఊరంతా చుట్టూ చేరింది. ఆడవాళ్లందరూ ఒకే రంగు చీరల్లో తాళ్లు పట్టుకున్నారు. ఈరన్న తాళం వేశాడు. జడ చక్కగా అల్లుకుంటూ కిందికి దిగింది. రామసుబ్బమ్మకు కాళ్ల నొప్పి తెలియలేదు. పైన పసుపూ ఎరుపూ ఆకుపచ్చా ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంటే చిన్నపిల్లలా నోరు తెరిచి చూసింది. ఈరన్న ఈల వేశాడు. అందరూ వెనక్కి తిరిగారు. జడ విడిపోవడం మొదలైంది. సగం దాకా వచ్చి ఆగిపోయింది.

ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. రాలేదు. తాళ్లు బిగుసుకుపోయి ఆడవాళ్లు ఒకరిమీద ఒకరు పడ్డారు. జనంలో ఎవరో నవ్వారు. ఈరన్న ముఖం నల్లబడింది. రామసుబ్బమ్మ తాడూ శివజ్యోతి తాడూ ఒకదానికొకటి మెలి పడి ఉన్నాయి. పందిరి కింద ఉన్న కళ్లన్నీ రామసుబ్బమ్మ మీదికి తిరిగాయి. ముసలామె పక్కన పడుచుపిల్ల ఉంటే తప్పు ఎవరిదో లోకం ఒక్క నిమిషం కూడా ఆలోచించదు.

ఆమె గుర్తు తెచ్చుకోవాలని చూసింది. లోపలా, బయటా? ఈరన్న ఈల గుర్తుంది. ఈ ముఖాలన్నీ కనబడుతున్నాయి. నడుమ ఏమీ లేదు, తుడిచిన పలక మాదిరి ఉంది.

"నాదేలే ఈరన్నా" అంది. "కర్నూల్లో డాక్టరు చెప్పినాడు, నా తలకాయలో గింజలు నొక్కుకపోయినాయంట. మీకు చెప్పకుండా దాచినా. ఆంజనేయస్వామికి తోక పొడుగు, ఆయనకు గూడా అప్పుడప్పుడు చిక్కు పడింటాదిలే."

కొందరు నవ్వారు. ఈరన్న నిచ్చెన ఎక్కి జడను కొక్కెం నుంచి ఊడదీసి, చుట్టి సంచిలో పెట్టాడు. దిగి వచ్చి, "అయ్యో, ముందే చెప్పింటే బాగుండు గదమ్మా" అన్నాడు. కోప్పడినా బాగుండేది. ఆ జాలికి ఆమెకు తల కొట్టేసినట్లయింది. తాడు తన చేతులతో తానే ఇవ్వాలనుకుంది, ఇవ్వడానికి చేతిలో తాడు లేదు.

ఆ తర్వాత రోజులు బరువుగా గడిచాయి. దౌలత్ బీ వచ్చి గోడ మీదుగా మాట కలిపితే ఊ అనేది. కొడుకు, "పోనీలేమ్మా, ఇంక విశ్రాంతి తీసుకో" అన్నాడు. ఆ మాట వింటే ఆమెకు ఒళ్లు మండింది. పెరట్లోకి పోయి డ్రమ్ము చుట్టూ తిరిగి చూసుకుంది. అడుగులు ఒక్కటీ తప్పలేదు. కాళ్లకు అంతా గుర్తుంది. ఆ సాయంత్రం ఎక్కడ తప్పాయో మాత్రం కాళ్లూ చెప్పలేదు, తలా చెప్పలేదు. తాడు పోయినందుకు కాదు ఆమె ఏడుపు. తన తరఫున తాను ఒక్క మాట సాక్ష్యం చెప్పుకోలేకపోయింది, దానికి.

ఒక మధ్యాహ్నం శివజ్యోతి వచ్చింది. సరుకులకని చెప్పి వచ్చిందట. చేతిలో ఖాళీ సంచి ఉంది. తనూజ లోపల గిన్నెలు కడుగుతోంది. ఆ పిల్ల అరుగు మీద రామసుబ్బమ్మ కాళ్ల దగ్గర కూర్చుని తల ఎత్తకుండానే చెప్పింది.

"అవ్వా, ఆ పొద్దు తప్పింది నువ్వు కాదు. నేను."

"జాలితో చెప్తాండావా పాపా?"

"కాదవ్వా, ఒట్టు. జనంలో మా అత్త సంకలో నా కొడుకు ఏడుస్తాండ్యాడు. మా అత్త నన్నే కొరకొరా చూస్తాండ్య. అట్ల చూసి, బయటినుంచి దాటాల్సిన చోట మళ్ల లోపలికే దూరినా. అప్పుడే తెలిసింది నాకు. చెప్తే ఈరన్న తాడు తీసేస్తాడు, ఇంగ నన్ను ఇంట్లోనించి ఎవరు పంపిస్తారు? అందరూ నిన్ను చూసినారు. తప్పు నాదేనని నువ్వే అన్యావు. నేను నోరు మూసుకున్యా."

రామసుబ్బమ్మకు గుండెల మీదినుంచి ఎవరో రోలు దించినట్లయింది.

"అయితే నాది కాదు" అంది.

"కాదవ్వా. నువ్వు సరిగ్గానే పోయినావు. నీ వెనకాలే ఉన్యా గదా, చూసినా."

"సరిగ్గా పోయినా." ఆ మాటను ఇంకోసారి అనుకుని చూసుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, పెదవుల మీద నవ్వూ వచ్చింది.

"ఈ పొద్దే పోయి ఈరన్నకు చెప్పేస్తానవ్వా."

"వద్దు. నీకు ఇంగా శానా ఏండ్లు ఎగరాల్సుండాది. నాకు ఈ మాట సాలు." ఆమె పిల్ల గడ్డం పట్టుకుని ముఖం ఎత్తింది. "ఒక పని చెయ్యి పాపా. రేపు గూడా వచ్చి ఇదే మాట చెప్పు. నేను మరిచిపోయింటా. మళ్ల కొత్తగా సంతోషపడతా."

ఇద్దరూ నవ్వారు. శివజ్యోతి కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ రోజు రామసుబ్బమ్మ కడుపు నిండా అన్నం తింది. గోడ దగ్గరికి తానే పోయి, దౌలత్ బీని దసరాకు కొత్త రవిక కుట్టమని అడిగింది.

మరుసటి రోజు పొద్దున్నే శివజ్యోతి మళ్లీ వచ్చింది. పరుగున వచ్చినట్లుంది, ఆయాసపడుతోంది. రామసుబ్బమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చిక్కు పడిన ఆ సాయంత్రం తెల్లవారుజాము నుంచీ తలలో తిరుగుతోంది, మనసు బాగాలేదు. అంత పొద్దున ఆ పిల్ల ఎందుకొచ్చిందో ఆమెకు అర్థం కాలేదు.

"అవ్వా, నాకు మనసొప్పల్యా. చెప్పేసినా" అంది శివజ్యోతి.

"ఏం చెప్పినావు పాపా? ఎవరికి?"

శివజ్యోతి నిలబడిపోయింది. ఈ అవ్వ ఎప్పుడూ ఆడే ఆటే కదా అని నవ్వబోయింది. రామసుబ్బమ్మ చేతిలో చిక్కుడుకాయ పట్టుకుని జవాబు కోసం ఎదురుచూస్తోంది. ఆమె ముఖంలో ఆట లేదు. శివజ్యోతి పెదవుల మీది నవ్వు నిదానంగా జారిపోయింది. వచ్చి, కాళ్ల దగ్గర కూర్చుంది.

"అవ్వా, ఆ పొద్దు జడలో తప్పింది నువ్వు కాదు. నేను" అని మొదలుపెట్టి, అత్త చూపు దగ్గరినుంచి అంతా మళ్లీ చెప్పింది. ఈరన్న దగ్గరికి పోయి తప్పు ఒప్పుకున్న సంగతీ చెప్పింది.

రామసుబ్బమ్మ చిక్కుడుకాయలు వదిలేసి విన్నది. గుండె తేలికైపోయింది. "అయితే నాది కాదు" అంది. ఇంత మంచి మాట చెప్పి ఈ పిల్ల ఎందుకు ఇట్లా కుమిలిపోతోందో ఆమెకు తెలియలేదు. తప్పు చేశానని బాధపడుతోందేమోలే అనుకుని, దాన్ని ఎట్లాగైనా నవ్వించాలని గడ్డం పట్టుకుని ముఖం ఎత్తింది.

"ఏడవొద్దు. ఒక పని చెయ్యి పాపా. రేపు గూడా వచ్చి ఇదే మాట చెప్పు. నేను మరిచిపోయింటా. మళ్ల కొత్తగా సంతోషపడతా."

శివజ్యోతి నవ్వింది. ఎంత కష్టపడి నవ్విందో లోపల గడప దగ్గర నిలబడిన తనూజ ఒక్కతే చూసింది.

"వస్తానవ్వా. రోజూ వస్తా" అంది ఆ పిల్ల.