కుడి భుజం నొప్పి

అత్తయ్య కుడి భుజానికి మందు రాయడం పెళ్లయ్యాక నాకు దక్కిన మొదటి పని. నాకది ఇష్టంగానే ఉండేది. అందరి భోజనాలూ అయ్యాక మేమిద్దరం వంటింటి గట్టుకి ఆనుకుని, మిగిలింది తినేవాళ్లం. గిన్నె అడుగు గీకుతూ ఆవిడ మా ఆయన చిన్నప్పటి అల్లరి చెబుతుంటే నవ్వలేక చచ్చేదాన్ని. (మా ఆయన! ఈ మాట అనడానికి ఏదో ఒక వంక వెతుక్కుంటూ ఉంటాను.) తిన్న కాసేపటికి ఆవిడ భుజం పట్టుకునేది.

"బట్టలు మెషీను ఉతుకుతుంది, పిండి మెషీను రుబ్బుతుంది. భుజానికేం పనుందని నొప్పి?" అనేవారు మావయ్య, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"అమ్మకి అది మామూలేలే," అనేవారు మా ఆయన.

ఒకరోజు వాంతులు కూడా అయితే నేనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. స్కానింగులో పిత్తాశయం నిండా రాళ్లు.

"నొప్పి భుజంలో కదమ్మా?" అంది అత్తయ్య, నమ్మకుండా.

"భుజం నరాలూ, పిత్తాశయం దగ్గర్నించి వచ్చే ఒక నరమూ మెడలో ఒకే చోట చేరతాయండీ. అందుకే లోపలి నొప్పిని మెదడు భుజానిదనుకుంటుంది."

"అయితే నేను నటించట్లేదన్నమాట!" అంది అత్తయ్య, నా వైపు తిరిగి.

డాక్టరమ్మ చెబుతూనే ఉంది. ఇంకో నరం ఉందట. కడుపులో తిండి పడగానే ఆ నరమూ, ఒక హార్మోనూ కలిసి పిత్తాశయాన్ని పిండుతాయట. గంటల తరబడి ఏమీ తినకపోతే పైత్యరసం కదలకుండా చిక్కబడుతుందట. రాళ్లకి కారణాలు చాలా ఉంటాయి, అదీ ఒకటి.

"పొద్దున ఎప్పుడు తింటారు?"

"వాళ్లందరిదీ అయ్యాక."

"మధ్యాహ్నం?"

"వాళ్లందరిదీ అయ్యాక."

"ఎప్పట్నించీ ఇలా?"

"కాపురానికొచ్చినప్పట్నించీ."

నాకు నవ్వొచ్చింది, మధ్యలోనే ఆగిపోయింది. నేనూ అప్పట్నించే. కాకపోతే నా కాపురం ఇంకా కొత్త.

ఇంటికొచ్చి, డాక్టరమ్మ చేయించుకోమన్న ఆపరేషను సంగతి చెప్పాం. "మరి వంట?" అన్నారు మావయ్య.

"మా ఆవిడుందిగా నాన్నా!" అన్నారు మా ఆయన. ఎంత గర్వంగా అన్నారంటే, నిన్నటిదాకా అయితే ఆ మాటకి నేను గాల్లో తేలిపోయేదాన్ని. నొప్పెలా ఉందని మాత్రం ఎవరూ అడగలేదు. వంటింట్లో ఆ కబుర్లూ ఆ నవ్వులూ నిజమే. కానీ ఆకలి చచ్చాక తినడమే ముచ్చటనుకున్నాను చూడండి, అక్కడే నన్ను చూస్తే నాకు భయమేసింది.

ఆ పూట బల్ల మీద ఇంకో రెండు కంచాలు పెట్టాను.

"ఎవరొస్తున్నారు?" అన్నారు మా ఆయన.

"మేమే."

అత్తయ్యని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. "ఆపరేషను అయ్యాక చూద్దాంలేవే, ముందు వాళ్లని తిననీ," అని లేవబోయింది.

"ఆకలి ఇప్పుడు కదా అత్తయ్యా."

మా ఆయన అలవాటుగా కంచం నా వైపు జరిపారు. "గిన్నె మీ పక్కనే ఉంది," అన్నాను. ఆయన ఒక్క క్షణం చూసి, గరిటె అందుకున్నారు. మావయ్య టీవీ వైపు చూస్తున్నారు. అది ఆపేసి ఉంది.

అత్తయ్య ముద్ద నోట్లో పెట్టుకుని ఉలిక్కిపడింది. "కాలుతోందే!"

"వేడిగా ఉంటే అంతే అత్తయ్యా," అన్నాను. "ఊదుకుని తినండి."