మూడు ముక్కల ఫోటో

ఫిట్టర్ అమ్ముడుపోయాడన్న మాట ముందు ఆమె అందో, తమ్ముడన్నాడో ఇప్పుడు ఇద్దరూ ఒప్పుకోరు. ప్రెస్ మెషిన్ కింద నలిగి ఆమె భర్త పోయాడు. అతని పక్కనే పనిచేసిన ఫిట్టర్‌ను ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌ని చేసింది. అనుమానానికి అంతకన్నా ఏం కావాలి? అప్పటినుంచీ ఫిట్టర్ భార్య ఎదురైతే ఆమె మొహం తిప్పుకునేది.

పోయే ముందు రోజు భర్త ఒక ఫోటో తీశాడు. చెయ్యి లోపలికి పోకుండా అడ్డుండాల్సిన ఇనుప జాలీ పీకేసిన మెషిన్ అది. జాలీ ఉందని, అతనే ఒళ్లు తెలియకుండా చెయ్యి పెట్టాడని యాజమాన్యం వాదన. ఫిట్టర్ ఇంకా ఫోర్‌మన్ కాకముందే, వాళ్లు అందరి ఫోన్లూ వెతికిస్తుంటే, కంప్యూటర్ల పనిలో ఉన్న తమ్ముడు బుర్ర ఉపయోగించాడు. ఆ ఫోటోను మూడు ముక్కలు చేసి, మూడు మామూలు ఫోటోల్లో కంటికి ఆనకుండా దాచాడు. ఆమెకు పెళ్లి ఫోటో, ఫిట్టర్‌కు అతని కూతురి ఫోటో, తనకొక పిల్లి ఫోటో. మూడూ కలిస్తేనే మెషిన్ కనబడుతుంది. ఎవరైనా తమదాన్ని కెలికితే లోపలి ముక్క పాడైపోతుంది, కలిపినప్పుడు కెలికినచోట ఎర్రగా చూపిస్తుంది. అసలు ఫోటో చెరిపేశాడు. కాపీలుంటే దొరికిపోతామని అవీ వద్దన్నాడు. అతితెలివి అంటే ఇదే. అక్కచేత మాత్రం ఫోటో ముట్టుకోవద్దని ఒట్టు వేయించుకున్నాడు.

రేపు విచారణ అనగా ముగ్గురూ ఆమె వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. ఫిట్టర్ జేబులోంచి ఫోన్ తీస్తుంటే ఆమె ఉండబట్టలేకపోయింది.

"ఎర్రగా వస్తే ఏం చెప్పాలో ఇప్పుడే ఆలోచించుకో అన్నయ్యా. ఆయన పోయాక ఆ కుర్చీ నీకు ఊరికే రాలేదుగా."

ఫిట్టర్ మొహం మాడిపోయింది. ఫోన్ బల్ల మీద పెట్టాడు.

తమ్ముడు మూడింటినీ కలిపాడు. మెషిన్ రావాల్సినచోట ఇసుక చల్లినట్టు చుక్కలు వచ్చాయి. పిల్లి శుభ్రంగా ఉంది. ఫిట్టర్ కూతురూ శుభ్రంగా ఉంది. పెళ్లి ఫోటోలో పెళ్లికొడుకు మొహమంతా ఎర్రబడింది.

"ఏం చేశావక్కా?" అన్నాడు తమ్ముడు.

ఏం చేసిందని చెబుతుంది? ఆ ఫోటోలో భర్త మొహం మీద నీడ పడింది. రోజూ చూసుకునే మొహం కదా అని, ఫోన్‌లోనే అక్కడ కాస్త వెలుతురు పెంచి, పాతదాని మీదే సేవ్ చేసింది. ముట్టుకోవద్దంటే ఎవరికీ పంపొద్దని కాబోలు అనుకుంది. ఇప్పుడు తన చేతులు తనకే అసహ్యంగా ఉన్నాయి.

అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఆమెకు తెలుసు. కానీ భయం ముందుకొచ్చింది, సిగ్గు వెనకబడింది. కళ్లారా చూసినవాడివి, రేపు నువ్వైనా జాలీ లేదన్న సంగతి చెప్పమని ఫిట్టర్‌ను బతిమాలింది.

అతను ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నా మాట నువ్వే నమ్మలేదు చెల్లెమ్మా. రేపు వాళ్లెందుకు నమ్ముతారు?"

అతను వెళ్లాక కూడా తమ్ముడు ఏవో మీటలు నొక్కుతూనే ఉన్నాడు. ఆమె చేతిలోని ఫోన్‌లో భర్త మొహం చక్కగా కనబడుతోంది.