బతికున్నవాడి వర్ధంతి

వెలిస్లావ్ గెంచెవ్ పోయాడన్న సంగతి ఆ మేడలో అందరికన్నా ఆలస్యంగా తెలిసింది వెలిస్లావ్ గెంచెవ్‌కే. ఆ ఉదయం చెత్తబుట్ట పట్టుకుని తలుపు తీశాడు. ఎదురింటి దొన్కా పిన్ని అతని గడప ముందు కొవ్వొత్తి వెలిగించి, ఉడికించిన గోధుమల గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. అతన్ని చూసి కెవ్వున కేకేసింది. గోధుమలన్నీ మెట్ల మీద పడ్డాయి.

"ఓరి నీ దుంప తెగ! బతికే ఉన్నావా?"

"ఉండకూడదా పిన్నీ?"

"ఉండొద్దని ఎవరన్నారు? ఉంటే తలుపు మీద ఆ కాగితం దేనికంట? పొద్దున్నే లేచి గోధుమలు ఉడకేశాను. ఇంట్లో ఉన్న పంచదారంతా నీ ఆత్మకే పోశాను!"

వెనక్కి తిరిగి చూశాడు. తలుపు మీద నల్ల అంచు కాగితం అతికించి ఉంది. రూసె ఊళ్లో అలాంటి కాగితం లేని తలుపూ, చెట్టూ, బస్సు స్టాపూ కనపడవు. మనిషి పోగానే ఫొటోతో ఒకటి, నలభయ్యో రోజుకి ఒకటి, ఆపైన ఏటేటా ఒకటి అతికిస్తారు; ఎండకీ వానకీ ముఖం వెలిసిపోయేదాకా ఎవరూ పీకరు. ఈ కాగితంలో వెలిస్లావ్ అట్ట కిరీటం పెట్టుకుని, పెట్టుడు మీసంతో, ఎప్పుడో వేసిన రాజు వేషంలో ఉన్నాడు. కింద అచ్చులో ఇలా ఉంది: "మమ్మల్ని విడిచి ఏడాది. శాంతి కోరుతూ, కూతురు కలీనా."

అది చదివి అతను నవ్వబోయాడు. అంతలో తారీఖు గుర్తొచ్చింది. ముందురోజుకి సరిగ్గా ఏడాది కిందట 'ఏడో దీపం' అనే భక్త సమాజం వాళ్ల గేటు దాటి బయటికొచ్చాడు. బయటికొచ్చినవాడు చచ్చినవాడితో సమానమని, వాడి రక్తం పంచుకున్నవాళ్లే స్వయంగా వెళ్లి వాడి తలుపుకి చావు కాగితం అతికించాలని అక్కడ నియమం. నియమం గొప్పతనాన్ని కన్నీళ్లతో వివరించి, సభలో ఆడవాళ్లని వెక్కి వెక్కి ఏడిపించిన మనిషి కూడా వెలిస్లావే.

ఏడో దీపంలోకి అతను ఎలా వెళ్లాడంటే, ఆకలితో వెళ్లాడు. దేశంలో డబ్బు చిత్తుకాగితమైపోయిన చలికాలం అది. జీతం చేతికొచ్చేలోపు రొట్టె ధర మారిపోయేది. నాటకశాలలో పొయ్యి వెలిగించే దిక్కు లేదు. నటులు రాజుల అంగీల కింద ఊలు కోట్లు తొడుక్కుని మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వచ్చేది. అది చూడ్డానికి కూడా ఎవరూ వచ్చేవారు కాదు. భార్య పోయి అప్పటికి ఆరేళ్లు. పదహారేళ్ల కూతురితో కలిసి పిండి జిగురు కాచి, తన నాటకాల పోస్టర్లు తనే గోడలకి అతికించుకునేవాడు. "మధ్యలోంచి అంచులకి తుడవాలి తల్లీ, అప్పుడు ముడత పడదు" అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నేర్పాడు.

అలాంటప్పుడు ఒక మిత్రుడు కొండ ఊళ్లో ఏడో దీపం వాళ్లుంటున్న, ఒకప్పటి పిల్లల వేసవి విడిదికి తీసుకెళ్లాడు. అక్కడ చిక్కటి చిక్కుడు గింజల పులుసు పెట్టారు. పులుసు తర్వాత వాళ్ల గురువు పెద్దన్న మాట్లాడాడు. పెద్దన్న అసలు పేరు ద్రాగోమీర్. ఒకప్పుడు ఈత నేర్పే మాస్టారు. దేవుడు తనకి నీటి అడుగున కనిపించాడని చెప్పేవాడు. చెప్పడం మాత్రం బొత్తిగా రాదు. నత్తి, మధ్యమధ్య దగ్గు, చూపంతా నేల మీద. వెలిస్లావ్‌కి ఒళ్లు మండిపోయింది. ఇంత నిండు సభని ఇంత ఘోరంగా పాడుచేస్తాడా అనుకుని, సాక్ష్యం చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా అని అడగ్గానే లేచి నిలబడ్డాడు.

ఏం చెప్పాడో తర్వాత గుర్తులేదు. చనిపోయిన భార్య గురించి, చీకటి గురించి, ఒక దీపం గురించి ఏదో చెప్పాడు. సరైన చోట ఆగాడు, సరైన చోట గొంతు వణికించాడు, ఎడమ కంట్లోంచి ముందు ఒక చుక్క రాల్చాడు. అది అతనికి చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య. సభ మొత్తం ఏడ్చింది. ఇరవయ్యేళ్ల నాటక జీవితంలో అలాంటి ఆదివారం అతనికి దొరకలేదు. మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లాడు. ఆ తర్వాత అక్కడే ఉండిపోయాడు.

కలీనా మొదట్లో పగలబడి నవ్వింది. "నాన్నా, ఆయన ఈత మాస్టారు! దేవుడికి ఇంకెవరూ దొరకలేదా?" అంది. నవ్విన పిల్లని ఒక ఆదివారం ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఆ రోజు వాళ్లమ్మ ఆఖరి గడియల గురించి చెప్పాడు. చెప్తూ కూతురి కళ్లలోకే చూశాడు. ఆ పిల్ల మొహంలో నవ్వు ఆరిపోవడం, కన్నీళ్లు నిండటం అతనికి స్పష్టంగా కనపడింది. గెలిచాననుకున్నాడు.

ఆరేళ్ల తర్వాత బయటికొచ్చేశాడు. కళ్లు తెరుచుకున్నాయని, మోసం తెలిసిందని, మనస్సాక్షి నిలదీసిందని తర్వాతెప్పుడో వేసిన పుస్తకంలో రాసుకున్నాడు. అసలు జరిగింది ఏమిటంటే, టీవీలో పాటలు పాడే కుర్రవాడొకడు కొత్తగా వచ్చి చేరాడు. ఆదివారం సాక్ష్యం ఆ కుర్రవాడికిచ్చి, వెలిస్లావ్‌ని మేకల దొడ్డికి పంపాడు పెద్దన్న. ఒక వారం మేకలకి గడ్డి వేశాడు. రెండో వారం, వేషం చేజారిన నటుడు నాటకశాలలోంచి ఎలా విసవిసా వెళ్లిపోతాడో అలాగే గేటు దాకా వెళ్లి, కూతుర్ని పిలిచాడు. వెంటే వస్తుందనుకున్నాడు.

"రా తల్లీ, పోదాం. ఇదంతా బూటకం."

"అమ్మ గురించి చెప్పింది కూడానా?" అంది కలీనా.

"అది... అది నటన తల్లీ. నాకు వచ్చిన పని అదే కదా." అంటూనే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ పిల్ల ఆ నీళ్లకేసి చాలాసేపు చూసింది. "అప్పుడు ఏడ్చింది నటనైతే, ఇప్పుడు ఏడుస్తున్నదేంటి నాన్నా?" అని లోపలికి వెళ్లిపోయింది. అది ఆ పిల్ల అతనితో ఆడిన ఆఖరి మాట.

తలుపు మీది మొదటి కాగితాన్ని వెలిస్లావ్ కత్తితో గీకి పారేశాడు. రెండో ఏడు ఆ రోజు వచ్చేసరికి, తెల్లవారుతూనే తలుపు వెనక కాపు కాశాడు. పట్టుకుని నాలుగు దులుపుదామనుకున్నాడు. మెట్ల మీద చప్పుడైంది. తలుపుకి బిగించిన అద్దపు కన్నంలో కన్ను పెట్టి చూశాడు. కలీనా వచ్చింది. బూడిదరంగు కోటు, మెడలో వాళ్లమ్మ రుమాలు, చేతిలో జిగురు సీసా, కుంచె. బాగా చిక్కిపోయింది. జుట్టు కురచగా కత్తిరించేశారు. తలుపుకి జిగురు రాసి, కాగితం పెట్టి, అరచేత్తో మధ్యలోంచి అంచులకి తుడిచింది. అతను గడియ మీద చెయ్యి వేసి కూడా తియ్యలేకపోయాడు. తీస్తే, చచ్చినవాడితో మాట కలిసిందని వచ్చే ఏడు ఆ పిల్లని పంపరు. ఈమాత్రం కూడా ఉండదు.

అప్పటి నుంచి అతని సంవత్సరమంతా ఆ ఒక్క రోజు చుట్టూ తిరిగింది. ముందురోజు గడప శుభ్రంగా కడిగేవాడు. తలుపు బల్బు మార్చేవాడు, ముఖం సరిగ్గా కనపడాలని. మూడో ఏడు ఆ పిల్లకి జలుబు చేసింది. ముక్కు ఎగబీల్చుకుంటూ అతికించింది. ఆ జలుబు తగ్గిందో లేదో తెలియక నెల్లాళ్లు సతమతమయ్యాడు. కాగితాలు పీకడం మానేశాడు. దొన్కా పిన్నికి అలవాటైపోయింది.

"నీ తద్దినం ఎప్పుడయ్యా ఈసారి? బుధవారమా? జున్ను పెట్టి బనిత్సా రొట్టె కాలుస్తాలే, తిందువుగాని. నీలాంటి అదృష్టవంతుడు లేడు, నీ పిండం నువ్వే తింటున్నావు" అనేది.

అలాంటి రోజుల్లో రాజధాని నుంచి ఎవెలీనా వచ్చింది. పుస్తకాలు అచ్చేసే మనిషి. అతను రాసిన కాగితాల కట్ట చదివి మొహం చిట్లించింది.

"ఏమీ అనుకోకండి వెలిస్లావ్ గారూ. పెద్దన్న తిట్లు, మేకల దొడ్డి... ఇవన్నీ పత్రికల్లో చదివేసినవే. ఇందులో మీరెక్కడున్నారు?"

"అంతా నేనేగా అమ్మా!"

"వేషం కనపడుతోందండీ, మనిషి కనపడట్లేదు. సరే, వచ్చే వారం మా ఊరొచ్చి టీవీ వాళ్లతో మాట్లాడండి."

"ఆ వారం రాలేను."

"ఏం?"

చెప్పకూడదనుకుంటూనే చెప్పాడు. ఎన్నాళ్లకో వినేవాళ్లు దొరికారు. కన్నం గురించి, రుమాలు గురించి, జలుబు గురించి చెప్పాడు. చెప్తున్నంతసేపూ ఎవెలీనా కాఫీ తాగడం మరిచిపోయింది. అయ్యాక కళ్లు తుడుచుకుని, "అదండీ పుస్తకం!" అంది.

"అది వెయ్యడానికి వీల్లేదు. వాళ్లు చదివితే పిల్లని ఇంక రానివ్వరు."

"వాళ్లు చదివితే అని భయపడుతున్నారు. అమ్మాయి చదివితే అని ఎందుకనుకోరు? నాన్న తలుపు వెనకే నిలబడి ఉన్నాడని తెలుస్తుంది కదా. మనసు కరగదా చెప్పండి?"

కరుగుతుందని తనకి తనే చెప్పుకున్నాడు. కూతురి కోసమే రాస్తున్నానని చెప్పుకున్నాడు. కూర్చున్న చోటి నుంచి లేవకుండా రాసేశాడు. రాసింది అద్దం ముందు నిలబడి పైకి చదువుకుంటూ, 'రుమాలు' అన్న మాట దగ్గర ఆగితే బాగుంటుందని పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకున్నాడు.

ఆ ఏటి కాగితం కూడా పడ్డాక, పుస్తకం విడుదల సభ పాత నాటకశాలలోనే పెట్టారు. జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. వెలిస్లావ్ ఆ అధ్యాయమే చదివాడు. గీత పెట్టుకున్న చోట ఆగాడు. ఎడమ కంట్లోంచి ముందు ఒక చుక్క రాలింది. హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ మోత అతని ఒంట్లోకి రకియా సారాలా వెచ్చగా దిగింది. ఇంకాసేపు కొడితే బాగుండుననిపించింది. కూతురు ఆ క్షణాన అతనికి గుర్తులేదు.

బయట దొన్కా పిన్ని రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ ఎదురైంది.

"బాగా చదివావురా. వెర్రిదాన్లా ఏడ్చాను."

"నిజంగానా పిన్నీ?"

"ఆ, నిజంగానే. ఏడుస్తూనే ఒకటనుకున్నాను. ఉన్నది ఒక్క కన్నం కదా నీకు. అది కూడా టిక్కెట్టు పెట్టి ఊరందరికీ చూపించావు. ఇంక ఆ పిల్ల వస్తుందంటావా?"

"నీకేం తెలుసు పిన్నీ, ఇది చదివే వస్తుంది!" అని విసుక్కున్నాడు. ఇంటికొచ్చాక మాత్రం కన్నంలో కన్ను పెట్టి ఖాళీ మెట్లకేసి చూశాడు.

ఐదో వర్ధంతి నాడు చీకటితోనే లేచి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఈసారి తలుపు తీస్తాడు. గడియ ముందే తీసి ఉంచాడు. కొంచెం లాగితే చాలు. ఏం చెప్పాలో అనుకున్నాడు. ముందు పేరు పిలవాలి. తర్వాత ఆగాలి. ఆ తర్వాత క్షమించమనాలి.

మేడ మేలుకుంది. పైఇంటి మనిషి పనికి దిగి వెళ్లాడు. కింద ఎవరో కుక్కని తిడుతున్నారు. రాదనుకున్నాడు. రానివ్వలేదనుకున్నాడు. అంతలో మెట్ల మీద ఆ అడుగులే వినపడ్డాయి.

కలీనానే వచ్చింది. అదే కోటు, అదే జిగురు సీసా. మెడలో రుమాలు లేదు. ఎప్పుడూ తల వంచుకుని పని చూసుకునే పిల్ల ఈసారి తలెత్తింది. నేరుగా కన్నంలోకి చూసింది. ఐదేళ్లలో మొదటిసారి ఆ ముఖం అతనికి ఎదురుగా, పూర్తిగా కనపడింది. కళ్ల కింద నల్లటి చారలున్నాయి. నుదుటి మీద ఒక ముడత వచ్చింది. పుస్తకం చదివిందని అతనికి తెలిసిపోయింది. తలుపు వెనక తను నిలబడి ఉన్నాడనీ, ఈ క్షణం చూస్తున్నాడనీ ఆ పిల్లకి తెలుసు.

ఇప్పుడు తియ్యాలి. పిడి మీద చెయ్యి ఉంది. ఇంకొక్క క్షణం ఆగితే ఆ పిల్ల పెదవి కదులుతుంది, అప్పుడు తీస్తే సరిగ్గా ఉంటుంది అనుకున్నాడు. అందుకు ఆగాడు.

కలీనా కుంచె ముంచి కన్నం చుట్టూ జిగురు రాసింది. కాగితం విప్పింది. కిరీటం, పెట్టుడు మీసం క్షణంపాటు తలకిందులుగా కనపడి సర్దుకున్నాయి. కాగితం సరిగ్గా కన్నం మీదికొచ్చింది. చీకటైపోయింది.

"కలీనా!" అన్నాడు. ఆ పిలుపు అనుకున్న గొంతులో రాలేదు, కీచుమంది.

అవతల చెయ్యి ఆగింది. తర్వాత మళ్లీ కదిలింది. మధ్యలోంచి అంచులకి, ముడత పడకుండా, ఒద్దికగా తుడవడం చెక్కలోంచి వినపడింది. ఆ చప్పుడు ఆగిపోయింది. అడుగులు తొందరేమీ లేకుండా మెట్లు దిగాయి.

వెలిస్లావ్ చీకటి కన్నానికి కన్ను ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. రెండో ముద్రణలో ఇది చివరి అధ్యాయంగా వెయ్యొచ్చు, పుస్తకానికి ఇంతకంటే మంచి ముగింపు దొరకదు అని ముందు తోచింది. అలా తోచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది, రెండు కళ్లలోంచీ ఒక్కసారే. అది ఎలాంటి ఏడుపో చెప్పగలిగిన ఒక్క మనిషీ అప్పటికే వీధి మలుపు దాటిపోయింది.