గుమ్మం దగ్గర తగ్గించిన ఫీజు

ఫీజు పెంచుతున్నానని చెప్పాలంటే నాకు ప్రాణం మీదికొస్తుంది. బ్యూనస్ ఐర్స్‌లో మూడు నెలలకోసారి ఆ మాట అనక తప్పదు. మా డబ్బు, పెసో, విలువ అంతకన్నా ఎక్కువ కాలం నిలవదు మరి. ఇరవై ఆరేళ్లుగా ప్రతి గురువారం సాయంత్రం ఈ గదిలో ఏడుగురిని గుండ్రంగా కూర్చోబెట్టి, వాళ్ల మనసులోని మాటలు, నా మీది కోపంతో సహా, చెప్పిస్తున్నాను. అదే నా వైద్యం. డబ్బు సంగతి కూడా అందరి ముందే తేలాలి, ఎవరికి కష్టమొచ్చినా అక్కడే చెప్పుకోవాలి అన్నది మా పద్ధతి.

ఆ పద్ధతి పెట్టిందీ నేనే, తప్పిందీ నేనే.

మూడు నెలల కిందట బట్టలు కుట్టే కార్ఖానా మూతపడి, ఆ ఏడుగురిలో ఒకరైన నెలిడా పని పోయింది. ఆ సంగతి గదిలో చెప్పలేదు. అందరూ వెళ్లాక గుమ్మం దగ్గర ఆగి నాకు మాత్రం చెప్పి, ఇక గ్రూపుకు రానంది. నేను బాగా అలసిపోయి ఉన్నాను. ఎప్పుడు ఇంటికి పోదామా అని ఉంది.

"సగం ఇవ్వమ్మా చాలు. మన మధ్యే ఉండనీ" అనేశాను. నా మంచితనానికి నేనే మురిసిపోయాను కూడా, ఛీ!

అప్పటినుంచి నెలిడా గ్రూపులో నోరు మెదపలేదు. అంతకుముందు నన్ను కడిగిపారేసే మనిషి! పని పోయిన దిగులేమో అనుకున్నాను.

ఈ గురువారం కొత్త ఫీజు చెప్పగానే, టాక్సీ నడిపే ఓస్వాల్దో అందరూ పంచుకుని తాగే మాతే టీ గిన్నె పక్కవాళ్లకు అందిస్తూ నిట్టూర్చాడు.

"ఇంకో రెండు గంటలు బండి తిప్పాలన్నమాట. సర్లెండి డాక్టరమ్మా, అందరికీ ఒకటేగా?"

అవునంటే అబద్ధం. నెలిడా పేరు చెప్పే హక్కు నాకు లేదు.

"కాదు" అన్నాను. "ఒకరికి చాటుగా తగ్గించాను. మీ అందరి ముందూ తేల్చాల్సింది. తప్పు నాదే."



"ఆ ఒకరు నేనే. పని పోయింది" అంది నెలిడా, తలెత్తకుండా.

"అయ్యో, మాకు చెప్పకూడదా? మేమేమన్నా మింగేస్తామా?" అన్నాడు ఓస్వాల్దో.

"ఎలా చెప్పను? మన మధ్యే ఉండాలంది ఈవిడ!" నెలిడా నావైపు తిరిగింది. "సగం డబ్బులిచ్చేదాన్ని, నోరేసుకుని పడితే ఏం బావుంటుందని ఊరుకున్నా. ఇంట్లోనూ ఊరుకోవడమే, ఇక్కడా ఊరుకోవడమే. ఇంకెందుకు రావడం? సగం ఫీజుకి నా నోరు కొనేశారు మీరు!"

నాకు సిగ్గేసింది. క్షమించమన్నాను. ఆ మాట ఆమె చెవిన పడినట్టే లేదు.

"సగమే ఇవ్వనీండి. తిట్టడం మాత్రం పూర్తిగా తిట్టాలి" అన్నాడు ఓస్వాల్దో. మిగతావాళ్లూ సరేనన్నారు.

నెలిడా ముక్కు తుడుచుకుని మళ్లీ నన్ను తిట్టడం అందుకుంది. టైమైపోయింది. నేను ఆపలేదు.