చారల కలబంద

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడాదే లక్సెట్టిపేటలో మా ఇంటికి కలబంద వచ్చింది. ఈ రెంటిలో మా ఇంట్లో చర్చకు వచ్చింది కలబందే.

తెచ్చింది మా అమ్మ తమ్ముడు, కైలాసం మామ. ఆదిలాబాద్‌లో పత్తి మిల్లులో పని. పచ్చటి మట్టల మీద నిలువునా తెల్లచారలు. బాపు మగ్గం మీది నుంచే మెడ తిప్పి చూసి, పచ్చనూలు తక్కువపడిందని తేల్చాడు. జర పైలంగా చూసుకొమ్మని అవ్వకు చెప్పి మామ వెళ్లిపోయాడు.

మామ మాటంటే మాటే. ఒకసారి మాంసం కూరలో తనకు బొక్కలే వచ్చాయని అలిగి ఏళ్ల తరబడి మా గడప తొక్కలేదు. ప్రతి దసరాకూ అవ్వ తమ్ముడి పళ్లెం కడిగి, ఖాళీగానే బోర్లించింది.

అందుకే మొక్కను నాకంటే బాగా చూసుకుంది. పొద్దున నీళ్లు, మధ్యాహ్నం బియ్యం కడుగు, సాయంత్రం మజ్జిగ. చారలు కందిపోతాయని ఎండ తగలనివ్వలేదు. ఆ మేత నాకు పెట్టి ఉంటే ఈపాటికి నా తల కప్పు పెంకులకు తగిలేది.

మట్టలు వాలిపోయాయి. మగ్గం మీద పడుగు దారాలు వాలితే ఏం చేస్తారో బాపు అదే చేశాడు. కుంచెతో గంజి పూశాడు. మట్టలు లేవలేదు గాని జిల్లాలోని చీమలన్నీ వచ్చి చూసిపోయాయి. వేళ్లు కుళ్లాయి.

అంతలో దసరాకు వస్తానని మామ ఎండాకాలంలోనే కబురంపాడు. అవ్వకు అన్నం సయించలేదు.

"మల్ల అలిగిండంటే నేను సచ్చినా రాడురా."

"పైన కట్టు. దిష్టికి కట్టిన అని చెప్పవ్వా," అన్నాను.

అవ్వ కుళ్లింది కోసేసి, గంజి కడిగి, మొక్కను మగ్గం నూలుతో గుమ్మం పైన తలకిందులుగా కట్టింది. అంత ఎత్తున ఎవరూ నీళ్లు పోయలేకపోయారు. భయానికి అవ్వ అటు చూడనే లేదు.

దసరానాడు మామ గడప ముందు ఆగి తలెత్తాడు. దాటలేదు. అవ్వ నీళ్ల చెంబు ముందుకు చాపింది.

"ఎందుకు కట్టినవక్కా?"

"ఊరంత గా చారలనే చూస్తుండ్రు. దిష్టి తగుల్తదని."

నేనూ తలెత్తాను. మట్టలు బిర్రుగా ఉన్నాయి. కొసలు ఆకాశం వైపు తిరిగాయి. మొదలు పక్కన వేలెడు పిలక, దానికీ చారలే.

మామ చెప్పులు విప్పాడు.

"నా ఇంట్ల పెట్టుకున్న కలబంద మురిగింది. నీ మరదలు దినాం నీళ్లు పోసింది. గా పిలక నాకియ్యక్కా."

అవ్వ లోపలికి పోయి బోర్లించిన పళ్లెం తిప్పింది.

మగ్గం గుంటలోంచి బాపు అడిగాడు.

"గంజి పెట్టి చూసినవా, కైలాసం?"