బొట్టు పెట్టని చేతులు

నేను ఒక కల్వాన్ని. నల్లరాతిని పడవలా తొలిచి, మందులు నూరడానికి నన్ను చేశారు. నన్ను చేయించిన పెద్దాయన పోయాక ఆయన కొడుకు సోమలింగం చేతికి వచ్చాను. గుండెలో నొప్పి అని ఎవరొచ్చినా తెల్లమద్ది బెరడు నూరి, పాలలో కాచి తాగించడం ఆ ఇంటి వైద్యం.

నయమైనవాళ్ళు తిరిగొచ్చి నా అంచుకు కుంకుమ బొట్టు పెట్టి వెళ్ళడం ఆనవాయితీ. సోమలింగానికి అదే రుజువు. "ఇన్ని బొట్లు అబద్ధమాడతాయేంటండీ?" అని మీసం దువ్వేవాడు. వాళ్ళలో చాలామందిది తిన్నది అరక్క వచ్చిన మంట. ఓ తేన్పు రాగానే తగ్గిపోయేది. ఘనత మాత్రం నాకూ ఆయనకూ దక్కేది.

ఊరి నర్సు సుగుణ ఓసారి చెప్పి చూసింది.

"మద్ది మీద పరీక్షలు చేశారు బాబాయ్. కొంత గుణం ఉండొచ్చన్నారు గానీ గట్టిగా తేల్లేదు. గుండెపోటొచ్చినోళ్ళని మాత్రం దీంతో కూచోబెట్టకు, ప్రాణం పోద్ది."

ఆయన నవ్వేశాడు.

తిరిగి రానివాళ్ళ సంగతి ఆయనకు తెలియదు. నాకు తెలుసు. ప్రాణం పోయాక వాళ్ళు దీపాలు పెట్టే వేళకు వస్తారు. కనబడరు. నా అంచు మీద వేళ్ళు ఆనించి, కుంకుమ కోసం తడుముకుంటారు. దొరకదు. ఇక వెళ్ళరు. నడివేసవిలో కూడా నేను మంచులా ఎందుకుంటానో సోమలింగం ఏనాడూ ఆలోచించలేదు. రాయినైనా నాకు భయం వేసేది.

నిన్న పొద్దున ఆయన భార్య నాంచారమ్మకు గుండె పట్టేసింది. ఎడమ చెయ్యి లాగుతోంది, ఒళ్ళంతా చెమట. ఆయన మద్ది నూరి పట్టించాడు. తగ్గలేదు. మళ్ళీ నూరి పట్టించాడు. మధ్యాహ్నం దాటాక ఇంకోసారి నూరబోతుంటే ఆమె గోడకు చేరగిలబడి అడిగింది.

"బాగైనోళ్ళొచ్చి బొట్టెట్టారు, సరే. రానోళ్ళ ఇంటికి ఎప్పుడైనా ఎల్లి అడిగారా ఏవండీ?"

ఆయన చెయ్యి ఆగింది. నాలో చప్పుడు మాత్రం ఆగలేదు. ఎందరివో గుండెలు కొట్టుకుంటున్న చప్పుడు. అది మొదటిసారి ఆయనకూ వినబడింది. నూరే రాయి వదిలేసి, ఆటో కోసం వీధిలోకి పరుగెత్తాడు. ఆమెను ఎక్కించుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

ఆమె బతకాలని నేనూ కోరుకున్నాను. రోజూ నన్ను కడిగి ఎండబెట్టింది ఆమే.

ఇవాళ దీపాల వేళ చీకటింట్లో గాజులు గలగలమన్నాయి. చల్లని వేళ్ళు కొత్తగా నా అంచు మీద ఆనాయి. కుంకుమ కోసం తడుముకున్నాయి.

వీధి తలుపుకు తాళం వేసే ఉంది. సోమలింగం ఆసుపత్రి నుంచి ఇంకా రాలేదు. నాంచారమ్మ మాత్రం వచ్చేసింది.