కొలతకు లొంగని ఒడి

నేను ఒక ఇనుప చట్రాన్ని. విమానాశ్రయంలో చవక టికెట్ల కంపెనీ కౌంటర్ పక్కన నిలబడి ఉంటుందే, అదే. "చేతి సంచి ఇందులో పడితేనే విమానంలోకి" అని నా నుదుట రాసి ఉంటుంది. మీరు నన్ను చూసే ఉంటారు. తిట్టుకునే ఉంటారు.

బాలానగర్‌లో ఒక వెల్డింగ్ షెడ్డులో పుట్టాను. నాతోపాటు కోసిన కడ్డీల్లో కొన్ని కిటికీ ఊచలయ్యాయి, కొన్ని బడి గేటయ్యాయి. వాటికి గాలీ వెలుతురూ పిల్లల అల్లరీ దక్కాయి. నాకు మనుషుల సామాను దక్కింది. మొదట కొన్న కంపెనీ కొబ్బరికాయ కొట్టి మరీ నన్ను నిలబెట్టింది. కొబ్బరికాయ ఏం చేస్తుంది, కంపెనీ మూతపడింది. కుర్చీలతో, బల్లలతో కలిపి నన్ను ఇంకో కంపెనీ కొనుక్కుని, ఎర్రరంగు మీద పచ్చరంగు పూసింది. అంతటితో ఆగితే బాగుండేది. కొత్త మేనేజరు నన్ను ఎగాదిగా చూసి "దీని కడుపు మరీ పెద్దగా ఉంది" అన్నాడు. వెల్డర్ని పిలిపించి నా లోపల ఒక అడ్డకడ్డీ అతికించాడు. అతుకు దగ్గర చిన్న సందు మిగిలిపోయింది.

నిన్నటిదాకా పట్టిన సంచులు ఆ రోజు నుంచి పట్టడం మానేశాయి. జనం తమ సంచులనే అనుమానించారు తప్ప నన్ను అనుమానించినవాడు లేడు. ఇనుము అబద్ధమాడదని మనుషులకు గట్టి నమ్మకం.

సంచి పట్టకపోతే విడిగా రుసుము కట్టాలి. అది టికెట్టు ధరతో పోటీ పడుతుంది. అందుకే నా దగ్గరికి వచ్చేసరికి పెద్దమనుషులు కూడా సంచి విప్పి, మండుటెండల్లో చొక్కా మీద చొక్కా, దాని మీద కోటు తొడుక్కుంటారు. ఒంటి మీద ఉన్నది సామాను కాదు, చేతిలో ఉన్నదే సామాను. కంపెనీ శాస్త్రం అది.

ఒక వేసవి ఉదయం సూరత్ విమానానికి భూలక్ష్మి, ఆమె భర్త అంబదాసు వచ్చారు. సిరిసిల్ల నుంచి వెళ్లి సూరత్‌లో మగ్గాల పనిలో స్థిరపడినవాళ్లు. బోర్డింగ్ పాసులిచ్చే యంత్రం దగ్గరికి పోతే కౌంటర్‌లో అడగమంది. కౌంటర్‌కు వస్తే యంత్రం దగ్గరికి పొమ్మన్నారు. అలా తిరిగి తిరిగి నా ముందుకొచ్చేసరికి ఇద్దరికీ కోపం నెత్తికెక్కింది. వాళ్లు పోట్లాడుకుంటుంటేనే నాకు సంగతంతా తెలిసింది.

భూలక్ష్మి అన్న రాజేశం ఏదో పొలం గట్టు తగాదాలో ఏళ్ల తరబడి చెల్లెలితో మాట్లాడలేదట. ఈ వేసవిలో తనే పిలిచి, చీర పెట్టి, ఒడిబియ్యం పోశాడు. పుట్టింటివాళ్లు ఆడబిడ్డ కొంగులో పోసే పసుపు బియ్యం అవి. దారిలో ఎక్కడా వదలకూడదు, అత్తింట్లో వండి నలుగురికీ పెట్టాలి. టికెట్టు లేదు కనుక రాజేశాన్ని లోపలికి రానివ్వలేదు. అద్దం అవతల నిలబడి చూస్తున్నాడు.

బియ్యంతో ఉబ్బిన సంచిని అంబదాసు నాలోకి దించాడు. అడ్డకడ్డీ దగ్గర ఆగిపోయింది. మోకాలేసి తొక్కినా దిగలేదు.

"పడతలేదంకుల్. పైసలన్న కట్టుండ్రి, బియ్యమన్న తీసెయ్యుండ్రి," అంది కౌంటర్ పిల్ల రుబీనా.

"ఆ పైసలకు మూటెడు బియ్యమొస్తయమ్మా! ఏమే, సూరత్‌ల బియ్యం దొర్కయా? గా చెత్తడబ్బల పొయ్యరాదు."

"నీ నోట్ల మన్నువడ! మా అన్న జూస్తుండు. ఇవి ఈడ ఇడిస్తే నా పుట్టిల్లు ఈడ ఇడ్సినట్టే."

"అమ్మా, మీ పంచాది తర్వాత వెట్టుకోండ్రి, మాక్కూడ విమానమున్నది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. రుబీనా దూరంగా ఉన్న మేనేజరు వైపు చూసింది. ఆయన వేలితో నన్ను చూపించాడు. ధర్మసందేహం వస్తే అందరికీ నేనే దిక్కు.

భూలక్ష్మి కళ్లు పక్కన చెమటలు కక్కుతున్న, కోటు తొడుక్కున్న ఒకాయన మీద పడ్డాయి.

"గాయన అంగీ మీద అంగీ ఏసుకున్నడు. అవి కొలువరా?"

"ఒంటి మీదున్నయి సామాను గాదాంటీ."

"మరి ఒడి యాడుంటది బిడ్డా? ఒంటి మీదనే గదా!" అంటూ ఆమె కొంగు పరిచింది. అంతలోనే ఆగింది. "నాకు నేను పోసుకోవద్దు. పుట్టింటి దిక్కోళ్లు పొయ్యాలె. ఈడ సిరిసిల్లోళ్లు ఎవలన్న ఉన్నరా?"

రుబీనా కుర్చీలోంచి లేచింది.

"మా అమ్మ పుట్టిల్లు వేములవాడ, మీ పక్కనే. నడుస్తదా ఆంటీ?"

"నడుసుడేంది, ఉరుకుతది! రా బిడ్డా."

అంబదాసు సంచి పట్టుకున్నాడు. రుబీనా దోసిలితో బియ్యం తీసి కొంగులో పోస్తే, భూలక్ష్మి ఆ కొంగును మూటగట్టి నడుముకు దోపుకుంది. బియ్యంతోపాటు ఉన్న ఎండు కొబ్బరి కుడుకలను విమానంలోకి రానివ్వరని రుబీనా చెబితే, భూలక్ష్మి వాటిని వరుసలోవాళ్ల చేతుల్లో పెట్టింది. ఇందాక అరిచినాయన కుడుక నములుతూ "బాగున్నయమ్మా" అన్నాడు. అద్దం అవతల రాజేశం తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

ఖాళీ అయిన సంచి నాలోకి జారిపోయింది. మేనేజరు వచ్చి ఆమె నడుము దగ్గరి మూటను చూశాడు.

"ఇదేంటి?"

"ఒడి సార్," అంది రుబీనా.

ఆయన రూలు కోసం నా నుదుటి మీద వెతికాడు. అక్కడ ఆ మాట లేదు. భూలక్ష్మి అద్దం దాకా వెళ్లి, ఒడిని రెండు చేతులా తట్టి అన్నకు చూపించి వచ్చింది.

ఆ తర్వాత కంపెనీ నాకన్నా చిన్న చట్రం తెప్పించుకుంది. నేనిప్పుడు తుక్కు గోదాములో ఉన్నాను. ఎన్ని సంచులు నాలో దిగాయో, ఏ ఒక్కటీ నాది కాలేదు. కానీ మేనేజరు పెట్టించిన ఆ అతుకు సందులో పసుపు బియ్యం గింజలు నాలుగు ఇరుక్కుని ఉన్నాయి. ఊడ్చేవాళ్లకూ దొరకలేదు, పిచ్చుకలకూ దొరకలేదు. రేపో మాపో కొలిమికి పంపుతారు. కిటికీనవుతానో, గేటునవుతానో తెలియదు. ఏ ఇంటికి పోయినా ఒట్టి చేతులతో మాత్రం పోను. నాకూ ఒడి నింపే పంపుతున్నారు.